‘సేఫ్’ అను మాటను గూర్చి

ఇంగ్లీషు అక్షరము ఒక్కటియు రాని మన అవ్వలు సయితము నేడు ధారాళముగా పలుకు ఇంగ్లీషు మాటలు కొన్ని కలవు. బస్సు, టిక్కెట్టు, డాక్టరు, పెన్ను మొదలైన వాటితో మనకు చిక్కులేదు. అవి కంటికి కనబడునవి గనుక వ్రేలితో చూపిన చాలును, మాట తెలిసిపోవును. అయితే ‘సేఫ్’ అను మాట అట్టిది కాదు. పట్టణమునకు పోయిన కుమారుడు ఫోనుచేసి “సేఫ్‌గా దిగానమ్మా” అనును. కాన్పుగది తలుపు తీసి నర్సమ్మ “తల్లీ బిడ్డా సేఫ్” అనును. బీరువా అమ్మువాడు “లోపల సేఫు కూడా ఉందండీ” అనును. పురుగుమందుల దుకాణదారుడు సీసా చేతికిచ్చుచు “ఇది సేఫేనండీ” అనును. నాలుగు చోట్లను మాట ఒక్కటే. అర్థములు మాత్రము నాలుగు. వీటిలో ఒకదానిని మరియొకదానిగా ఎంచుటవలన ప్రాణములు పోవుట కూడ కలదు గనుక, ప్రియ చదువరులారా, ఈ నెల పాఠమునకు ఈ మాటనే తీసికొందము.

ముందుగా దీని పుట్టుక. ఇంగ్లీషువారికి ఈ మాట తమ సొంతము కాదు. నార్మను రాజులు ఫ్రాన్సునుండి వచ్చి 1066లో ఇంగ్లండును జయించిన తరువాత ఎన్నో ఫ్రెంచి మాటలు ఆ దేశములో చేరినవి. అట్లు చేరినదే ‘సాఫ్’ అను మాట. అది ఇంగ్లీషువారి నోట ‘సేఫ్’ అయి సుమారు ఏడువందల సంవత్సరములైనది. ఫ్రెంచివారికి అది లాటిను భాషలోని ‘సాల్వుస్’ నుండి వచ్చినది. సాల్వుస్ అనగా చెక్కుచెదరనిది, ఆరోగ్యముగా నున్నది, పూర్తిగా నున్నది. రోమీయులు దారిలో ఎదురుపడినప్పుడు ‘సాల్వే’ అని పలకరించుకొనెడివారు. మనము “క్షేమమా?” అని అడుగుట వంటిదే అది. మనకు ఆశ్చర్యము కలిగించు సంగతి ఒకటి కలదు. ఈ సాల్వుస్‌ను, సంస్కృతములోని ‘సర్వ’ అను మాటను భాషాశాస్త్రజ్ఞులు ఒక్క తల్లి బిడ్డలనియే చెప్పుదురు. కాబట్టి మనము దినదినము పలుకు ‘సర్వము’ అను మాటకును, నర్సమ్మ పలికిన ‘సేఫ్’ అను మాటకును దూరపు చుట్టరికము కలదు. రక్షించుట అను అర్థముగల ‘సేవ్’, రక్షణ అను అర్థముగల ‘సాల్వేషన్’ కూడ ఆ ఇంటివే. ఫోనులో నంబరును ‘సేవ్’ చేయుట, తపాలా కార్యాలయములో డబ్బు ‘సేవింగ్స్’ వేయుట కూడ అక్కడివే.

పుట్టుకను ఇంతగా చెప్పుటకు కారణము కలదు. మనము ‘సేఫ్’ అనగానే బయటి అపాయమును తలంచెదము. దొంగలు లేరా, దారి మంచిదేనా, వాన పడదా అని అడుగుదుము. ఆ మాట పుట్టినప్పుడు అడిగినది అపాయమును గూర్చి కాదు, మనిషిని గూర్చి. వీడు పూర్తిగా ఉన్నాడా? ఏమియు తరుగకుండ వచ్చెనా?

ఇంగ్లీషులో ‘సేఫ్ అండ్ సౌండ్’ అను జంటమాట కలదు. మన బడిపిల్లలు ఇక్కడ ‘సౌండ్’ అనగా మైకు శబ్దమనుకొందురు. ఆ సౌండ్ వేరు, ఈ సౌండ్ వేరు. ఇది పాత ఇంగ్లీషులోని ‘గెసుండ్’ అను మాటనుండి వచ్చినది, ఆరోగ్యముగలది అని దాని భావము. జర్మనీ దేశస్థులు నేటికిని ఆరోగ్యముగా నున్నవానిని ‘గెజుండ్’ అనియే అందురు. ఒకటి పరాయి మాట, ఒకటి సొంత మాట, రెండింటికిని అర్థమొక్కటే. మనవారు “సిగ్గూ లజ్జా లేదా” అని సంస్కృతపు మాటను తెలుగు మాటతో జతచేసి తిట్టుట వంటిదే ఇది. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో ఈ జంటమాట లూకా సువార్త 15వ అధ్యాయము 27వ వచనములో వాడబడినది. చిన్న కుమారుడు తిరిగివచ్చెనని పనివాడు పెద్ద కుమారునికి చెప్పుచున్నాడు. గ్రీకు మూలములో అక్కడ ఆరోగ్యముతో ఉండుట అను అర్థముగల క్రియ ఉన్నది. మన తెలుగు అనువాదకులు ‘సురక్షితముగా’ అనిరి. ఆలోచించి చూడుడి. ఆస్తి పోయినది, పేరు పోయినది, కాళ్లకు చెప్పులు కూడ లేవు. అయినను పనివాడు ఆ మాటనే వాడెను. తండ్రి లెక్క ఏదో ఆ పనివానికి తెలిసినట్లున్నది. పెద్ద కుమారుని లెక్క మాత్రము వేరు, అతడు పోయిన ఆస్తినే ఎంచుచుండెను.

ఇక అసలు చిక్కునకు వత్తము. ఇంగ్లీషువారు “బిడ్డ సేఫ్” అందురు, “వంతెన సేఫ్” అనియు అందురు. రెండింటను మాట ఒక్కటే గాని అవి ఒకదానికొకటి ఎదురుగా నడచుచున్నవి. బిడ్డ సేఫ్ అనగా బిడ్డకు హాని కలుగదు. వంతెన సేఫ్ అనగా వంతెనవలన మనకు హాని కలుగదు. మొదటిదానిలో కాపాడబడునది బిడ్డ. రెండవదానిలో కాపాడబడునది వంతెన కాదు, దానిమీద నడచు మనము. “కుక్క సేఫేనా?” అని ఒకడడిగెననుకొనుడి. లారీ క్రింద పడకుండ తప్పించుకొన్నదా అని అడుగుచున్నాడో, లేక కరవదుగదా అని అడుగుచున్నాడో సందర్భమును చూచియే తెలిసికొనవలెను. తెలుగులో మనకీ యిబ్బంది లేదు. మనిషికి క్షేమము అందుము. సొమ్ముకు భద్రము అందుము. గ్రుడ్లబుట్టను ఇచ్చునప్పుడు పదిలము అందుము. కరచు కుక్కను గూర్చి జాగ్రత్త అందుము. జాగ్రత్త అనగా మేల్కొని యుండుట. ఎవరు ఎవరివలన ఏమి కావలెనో మన మాటలే విడమరచి చెప్పుచున్నవి. వీటినన్నిటిని తీసి అటకమీద పెట్టి వాటికి బదులు ‘సేఫ్’ అను ఒక్క మాటను వాడుటవలన మనకు కలిగిన లాభమేమో మాకు తెలియదు. నష్టము మాత్రము కలదు. దానిని చెప్పెదము.

పురుగుమందు సీసా కొని తెచ్చిన రైతు “సేఫ్‌గా పెట్టాను” అని భార్యతో చెప్పును. ఎక్కడ పెట్టెను? పొలములోని పాకలో పెట్టిన ఎవరైన ఎత్తుకొనిపోవుదురని ఇంటిలోనికి తెచ్చి, బియ్యపు డబ్బా ప్రక్కను గాని మంచము క్రింద గాని పెట్టెను. వెలగల వస్తువే గదా! అతడు చెప్పినది అబద్ధము కాదు. సీసా సేఫ్‌గానే ఉన్నది. దొంగకు దొరకదు. అయితే ఇంటిలో ప్రాకులాడు పిల్లవాడు సేఫ్‌గా లేడు. కోపములో నున్న కోడలు సేఫ్‌గా లేదు. అప్పు తీర్చలేక రాత్రియెల్ల మేల్కొనియున్న ఆ రైతే సేఫ్‌గా లేడు. సీసాకు భద్రము దొరకినది, ఇంటివారికి క్షేమము పోయినది. మాట ఒక్కటియే గనుక ఆ తేడా చెవికి వినబడలేదు. మందును ఇంటినుండి దూరముగా, వేరుగా, తాళములో నుంచవలెను. ఆ తాళపుచెవి ఒక్కరియొద్దనే ఉండవలెను.

దుకాణదారుని “సేఫేనండీ” అను మాట మరియొకటి. పురుగుమందు సీసామీద మూలమీద నిలువబెట్టిన చతురస్రమువంటి గుర్తు ఒకటి ఉండును. మన దేశములో 1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారము ఇది ఉండి తీరవలెను. దాని దిగువ సగములో రంగు ఉండును. ఎరుపు మిక్కిలి ఘోరమైన విషమునకు, పసుపు దాని తరువాతి దానికి, నీలము మధ్యరకమునకు, ఆకుపచ్చ అన్నిటికంటె తక్కువ దానికి. ఎరుపు గుర్తు పై సగములో పుర్రె, ఎముకలు కూడ ఉండును. ఇక్కడనే మనవారు మోసపోవుచున్నారు. రోడ్డుమీది ఆకుపచ్చ దీపము పొమ్మని చెప్పును గనుక, సీసామీది ఆకుపచ్చ కూడ ఫరవాలేదు అని చెప్పుచున్నట్లు తోచును. అది నిజము కాదు. ఈ రంగులను ప్రయోగములలోని జంతువులనుబట్టి నిర్ణయించిరి. వాటి శరీరపు ఒక్కొక్క కిలో బరువునకు 50 మిల్లీగ్రాములు, లేక అంతకు తక్కువ మోతాదు నోట పడినంతనే సగము జంతువులు చచ్చునట్టి మందునకు ఎరుపు వేసిరి. అట్లు చంపుటకు 5000 మిల్లీగ్రాములకు మించి పట్టునట్టి దానికి ఆకుపచ్చ వేసిరి. అది తక్కువ విషమేగాని విషము కాకపోలేదు. ఆకుపచ్చ గుర్తులో సయితము ‘జాగ్రత్త’ అను అర్థముగల ఇంగ్లీషు మాటయే వ్రాసియుండును. ఏ రంగు గుర్తు ఉన్నను సీసాను పిల్లలకు అందకుండ ఉంచవలెను. సేఫ్ అను మాట మాత్రము ఆ నాలుగు గుర్తులలో ఎక్కడను లేదు. దానిని తగిలించినవాడు అమ్మువాడే.

ఖాళీ డబ్బాలను గూర్చి కూడ ఒక మాట. మంచి డబ్బాయే గదా, కడిగితిమిగదా అని నూనెకును నీళ్లకును వాడువారు ఇంకను ఉన్నారు. కడిగిన డబ్బా కంటికి శుభ్రముగానే కనబడును. బీహారు రాష్ట్రములోని సారణ్ జిల్లాలో 2013 జూలై 16న బడిలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు చనిపోయిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసియున్నదని పరీక్షలో తేలినది. పిల్లలు ఆకలితో కూర్చుండిరి, వడ్డించినది తినిరి.

ఎవడు సేఫ్, ఏది సేఫ్ అను ఈ ప్రశ్నను దావీదు రాజు ఎట్లు అడిగెనో సమూయేలు రెండవ గ్రంథము 18వ అధ్యాయములో చదువుదుము. రెండు గుమ్మముల నడుమ రాజు కూర్చుండియున్నాడు. యుద్ధభూమినుండి పరుగెత్తుచు ఇద్దరు ఒకరి వెనుక ఒకరు వచ్చుచున్నారు. ఇద్దరును తెచ్చినది శుభవార్తయే. శత్రువులు ఓడిరి, సింహాసనము నిలిచినది, రాజ్యము భద్రము. దావీదు మాత్రము ఇద్దరిని ఒక్కటే అడిగెను, పడుచువాడైన అబ్షాలోము క్షేమమేనా అని. హెబ్రీ భాషలో అక్కడ ఉన్న మాట ‘షాలోమ్’. ఇంగ్లీషు బైబిలులో దానికి ‘సేఫ్’ అనిరి. మన తెలుగువారు క్షేమము అను మాటనే ఎన్నుకొనిరి, అది మిక్కిలి చక్కగా కుదిరినదని మా అభిప్రాయము. మొదట వచ్చిన అహిమయస్సు గొప్ప అల్లరిని చూచితినిగాని సంగతి తెలియదని ప్రక్కకు తప్పుకొనెను. రెండవవాడైన కూషీ రాజు శత్రువులందరికి అట్లే జరుగునుగాక అను భావముతో పలికెను. వాని చెవికి అది మంచిమాటయే. రాజ్యమును గూర్చి అడిగిరని అతడనుకొనెను, తండ్రి అడిగినది కుమారుని గూర్చి. రాజు గుమ్మముపైని గదికి ఏడ్చుచు పోయెను. తరువాత యోవాబు వచ్చి, నీ ప్రాణము కాపాడినవారిని సిగ్గుపరచితివని గద్దించెను. యోవాబు చెప్పినది కూడ న్యాయమే. ఒక ఇంట ఒకటి భద్రమై మరియొకటి పోయినప్పుడు, దక్కినదానిని చూడుమనువాడును పోయినదానికై ఏడ్చువాడును ఒకరినొకరు అర్థము చేసికొనుట బహు కష్టము.

‘సేఫ్’ ప్రక్కనే నిలువబడు మరియొక ఇంగ్లీషు మాట ‘సెక్యూర్’. బ్యాంకువాడు అప్పునకు అడుగు ‘సెక్యూరిటీ’, గేటుదగ్గర నిలుచు ‘సెక్యూరిటీ’ అన్నియు దాని సంతతియే. ఇదియు లాటిను మాటయే. ‘సే’ అనగా లేకుండ, ‘కూరా’ అనగా చింత. చింతలేకుండ ఉండుట అని దాని మొదటి భావము. ఇక్కడ తేడాను గమనింపవలెను. సేఫ్ అనునది స్థితిని చెప్పును, సెక్యూర్ అనునది మొదట మనస్సును చెప్పినది. గుండెమీద చెయ్యి వేసికొని నిద్రించువాడు నిజముగా క్షేమముగా ఉన్నాడనుటకు ఆ నిద్ర సాక్ష్యము కాదు. న్యాయాధిపతుల గ్రంథము 18వ అధ్యాయములో లాయిషు అను ఊరివారిని చూడుడి. సీదోనీయులవలె నెమ్మదిగా, నిర్భయముగా బ్రదుకుచున్నారు. సీదోను దూరము, వారికి ఎవరితోను సంబంధము లేదు. వేగు చూడవచ్చిన దానీయులకు ఆ నెమ్మదియే ఆశపుట్టించినది. ఊరు కాలిపోయినది. థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయములో పౌలు వాడిన గ్రీకు మాట ‘అస్ఫాలేయా’. కాలు జారకుండుట, పడద్రోయబడకుండుట దాని మూలార్థము. అదే మాట లూకా తన సువార్త మొదట థెయొఫిలునకు వ్రాయుచు నిశ్చయము అను భావములో వాడెను. చూడుడి, ఒకచోట అది వట్టి ధీమా, మరియొకచోట ఆధారముగల నిశ్చయము. మాటలో తేడా లేదు, క్రింద ఉన్న నేలలో తేడా ఉన్నది.

“మీ డబ్బు సేఫ్” అని ఊరూర తిరుగువారి మాటను కూడ ఈ నేలనుబట్టియే చూడవలెను. బ్యాంకు డిపాజిట్లకు చట్టప్రకారము బీమా కలదు. ఆ బీమా హద్దును 2020 ఫిబ్రవరిలో ఒక లక్షనుండి 5 లక్షల రూపాయలకు పెంచిరి. అరుగుమీద కూర్చుండి పుస్తకములో సంతకము పెట్టి వసూలు చేసికొనిపోవువాని మాటకు అట్టి బీమా ఏదియు లేదు. ఆ మనిషి మన సంఘములో పాటలు బాగుగా పాడువాడైనను లేదు.

పేరులోనే సేఫ్ ఉన్న వస్తువులు కొన్ని కలవు. మన పిన్నీసు ఇంగ్లీషులో ‘సేఫ్టీ పిన్’. అమెరికాలో వాల్టర్ హంట్ అనునతడు 1849లో దీనికి పేటెంటు పొంది, 400 డాలర్లకు అమ్మివేసెను. అగ్గిపెట్టెమీద ‘సేఫ్టీ మ్యాచెస్’ అని వ్రాసియుండును. ఆ పుల్ల పెట్టె ప్రక్కను గీచిననే గాని అంటుకొనదు గనుక ఆ పేరు. పాత పుల్లలకు తెల్ల భాస్వరము వాడుటవలన వాటిని చేయు కూలీల దవడ ఎముకలు కుళ్లిపోయెడివి. మన దేశములో 1913లో చట్టముచేసి వాటిని మాన్పించిరి. కాబట్టి ‘సేఫ్టీ’ అన్నప్పుడు కొనువానిని మాత్రమే గాక చేయువానిని గూర్చియు అడుగవలసియున్నది.

వీటన్నిటిలో ‘సేఫ్టీ ల్యాంప్’ చరిత్ర వేరు. సింగరేణి ప్రాంతపు చదువరులకు గనిదీపమనిన చెప్పనక్కరలేదు. ఇంగ్లండులోని ఫెల్లింగ్ బొగ్గుగనిలో 1812 మే 25న వాయువు అంటుకొని ప్రేలగా 92 మంది పురుషులు, బాలురు చనిపోయిరి. ఇట్టి సంగతులు పత్రికలకెక్కకుండ గనుల యజమానులు చూచుకొనెడి కాలమది. అక్కడి హీవర్త్ గ్రామపు సంఘ కాపరి జాన్ హాడ్జ్‌సన్ మాత్రము ఊరకుండలేదు. చనిపోయినవారిలో పెక్కుమందిని పాతిపెట్టినవాడు అతడే. జరిగినదంతయు వ్రాసి, చనిపోయినవారి పేర్లతో సహా అచ్చు వేయించెను. దానివలన కలిగిన కదలికలో 1813లో సండర్లాండులో ఒక సంఘమేర్పడినది. వారి పిలుపు మీద హంఫ్రీ డేవీ అను శాస్త్రజ్ఞుడు 1815లో ఆ దీపమును చేసెను. మంట చుట్టు సన్నని తీగెల వల. వల మంటలోని వేడిని పీల్చివేయును గనుక లోపలి మంట బయటి వాయువును అంటదు. వాయువు ఎక్కువైనప్పుడు దీపపు మంటపైన నీలిరంగు కనబడి హెచ్చరించును. డేవీ దానికి పేటెంటు తీసికొనలేదు. 1816 జనవరిలో హెబ్బర్న్ గనిలో దానిని పరీక్షించిరి.

దీపము మంచిదే. అయితే తరువాత ఏమైనదో వినుడి. ఇదివరలో వాయువునకు భయపడి మూసివేసిన చోట్లకు “ఇప్పుడు సేఫ్” అని మనుష్యులను పంపిరి. ఇంకను లోతునకు త్రవ్విరి. వల చినిగిన దీపములు, గాలి విసురునకు మంట బయటికి తన్నిన దీపములు ఉండెను. గాలి బాగుగా ఆడుటకు దారులు వేయవలసిన యజమానులు కొందరు దీపము ఉన్నదిగదా అని ఖర్చు తగ్గించుకొనిరి. ప్రేలుడులు ఆగలేదు. ఆ దీపము గనివానిని కాపాడుటకు పుట్టినది, బొగ్గును కాపాడుటకు కూడ పనికివచ్చినది. మరల అదే చిక్కు, ఎవరు సేఫ్?

చివరగా ఫిలిప్పీ చెరసాలకు పోదము. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము. పౌలును సీలను బెత్తములతో కొట్టించి, వీరిని భద్రముగా చూచుకొనుమని అధికారులు చెరసాల నాయకునికి ఆజ్ఞ ఇచ్చిరి. గ్రీకులో ఇది ఇంతకుమునుపు చెప్పిన అస్ఫాలేయా ఇంటి మాటయే. అతడు ఆజ్ఞను చక్కగా నెరవేర్చెను. లోపలి గదిలోనికి త్రోసి, కాళ్లను బొండలో బిగించెను. వీపులమీది గాయములను కడుగుట ఆ ఆజ్ఞలో లేదు, అతడు కడుగలేదు. సీసాను భద్రపరచినట్లు వారిని భద్రపరచెను, తప్పిపోకుండుటయే అతని భద్రము. అర్ధరాత్రి భూమి కంపించి, తలుపులు తెరచుకొనగా, ఖైదీలు పారిపోయిరనుకొని కత్తి దూసి తన్ను తాను చంపుకొనబోయెను. మేమందరము ఇక్కడనే ఉన్నామని పౌలు కేక వేసెను. అప్పుడతడు దీపము తెమ్మని, వణకుచు లోపలికి వచ్చి వారిని బయటికి తోడుకొనివచ్చెను. తాను రక్షణ పొందుటకు ఏమి చేయవలెనని అడిగెను. ఇక్కడి గ్రీకు మాట వేరు, పూర్ణముగా బ్రదికింపబడుట, స్వస్థపడుట అను అర్థములుగలది. ఒక్క రాత్రిలోనే ఆ మనిషి మొదటి మాటనుండి రెండవ మాటకు వచ్చెను. వాక్యము విన్న ఆ గడియలోనే వారిని తీసికొనిపోయి గాయములు కడిగెను. తన ఇంటికి తోడుకొనివచ్చి భోజనము పెట్టెను. అప్పటికి ఇంకను తెల్లవారలేదు.